"ఫుల్లీ రిస్టోర్డ్" అంటే ఏంటి? పాత ఇటాలియన్ జీటీ కారు యాడ్‌ని లైన్ బై లైన్ చదువుదాం

ఈ రోజు ఎపిసోడ్‌లో మనం చేసేది ఒక్కటే. కారు అమ్మకం యాడ్ ఎలా చదవాలో చూస్తాం. కారు పేరు లాంచా ఔరేలియా బీ20 జీటీ. 1950ల నాటి ఇటాలియన్ కారు. మనలో ఎవరం కొనబోవట్లేదు, ఆ సంగతి నాకూ తెలుసు.

మరి ఎందుకు చూడటం? రీఫర్బిష్డ్ ఫోన్ కొనేవాళ్లకి, సెకండ్ హ్యాండ్ బుల్లెట్ కొనేవాళ్లకి ఎదురయ్యే ప్రశ్నే ఈ కారు దగ్గర చాలా క్లియర్‌గా కనిపిస్తుంది కాబట్టి. "మొత్తం బాగుచేయించాం అండీ" అని అమ్మేవాళ్లు అన్నప్పుడు, అసలు ఏం చేసినట్టు? ఏది పాతది, ఏది కొత్తది, దానికి రుజువు ఏది?

యూరప్ డీలర్ల లిస్టింగ్స్‌లో, వేలం క్యాటలాగ్‌లలో ఈ కారు గురించి కొన్ని మాటలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. "పూర్తిగా రిస్టోర్ చేసినది". "మ్యాచింగ్ నంబర్స్". "నార్డి ఫ్లోర్ షిఫ్ట్". "మిల్లె మిలియాకి ఎలిజిబుల్". చాలాసార్లు చివర్లో "ధర కోసం సంప్రదించండి" అని ఉంటుంది. ఒక్కో మాటా పట్టుకుని విప్పుదాం. ముందు కారు గురించి కొంచెం తెలుసుకుందాం, లేకపోతే యాడ్ అర్థం కాదు.

ఈ కారులో అంత ఏముంది?

జీటీ అంటే గ్రాన్ టురిస్మో. ఇటాలియన్‌లో చెప్పాలంటే పెద్ద ప్రయాణం. రేస్ ట్రాక్ మీద పది రౌండ్లు కొట్టి ఇంటికెళ్లే కారు కాదు. పొద్దున్నే బయల్దేరి కొండలు, ఘాట్ రోడ్లు దాటి, సాయంత్రానికి వేరే దేశంలో ఒళ్లు నొప్పులు లేకుండా దిగాలి. అదే సమయంలో స్పీడ్‌గానూ వెళ్లాలి. ఈ పేరు అంతకుముందు కూడా కార్లకి పెట్టారు. కానీ ఇవాళ మనం జీటీ అనుకునే రూపానికి మొదటి కారు ఏదంటే చాలామంది బీ20నే చూపిస్తారు. 1951లో టురిన్ మోటార్ షోలో దీన్ని చూపించారు. 1958 దాకా ఆరు సిరీస్‌లు వచ్చాయి. అన్నీ కలిపినా నాలుగు వేల లోపే.

లాంచా 1950లో తెచ్చిన ఔరేలియా సెడాన్‌లోనే ఒక పెద్ద విషయం ఉంది. పెద్ద సంఖ్యలో తయారైన కారులో వీ6 ఇంజిన్ రావడం అదే మొదటిసారి. ఇది ఎందుకు కష్టమో చూడండి. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో క్రాంక్‌షాఫ్ట్ రెండు రౌండ్లు తిరిగేలోపు ఆరు సిలిండర్లూ ఒక్కోసారి ఫైర్ అవ్వాలి. రెండు రౌండ్లు అంటే 720 డిగ్రీలు, ఆరుతో భాగిస్తే 120. అంటే ప్రతి 120 డిగ్రీలకి ఒక ఫైరింగ్ పడాలి. ఆ గ్యాప్ సమానంగా లేకపోతే ఇంజిన్ వణుకుతుంది. ఫ్రాంచెస్కో డి విర్జిలియో అనే ఇంజినీర్ దీని లెక్క తేల్చాడు. రెండు వరుసల సిలిండర్ల మధ్య 60 డిగ్రీల కోణం, ఒక్కో పిస్టన్‌కి విడివిడిగా క్రాంక్ పిన్. దాంతో ఫైరింగ్ సమానంగా పడింది, ఇంజిన్ స్మూత్ అయ్యింది. అప్పట్లో లాంచా ఇంజినీరింగ్ పెద్ద విట్టోరియో యానో. అంతకుముందు ఆల్ఫా రోమియోలో పేరు తెచ్చుకున్న మనిషి.

మొదటి బీ20లో 1991 సీసీ ఇంజిన్, 75 హార్స్‌పవర్. ఇవాళ మన రోడ్ల మీద తిరిగే చిన్న హ్యాచ్‌బ్యాక్ పవర్ అంతే. కానీ 1951 మిల్లె మిలియా రేసులో జొవాని బ్రాకో, ఉంబెర్టో మాల్యోలి ఈ 2 లీటర్ల కారుతో ఓవరాల్‌గా రెండో స్థానంలో నిలిచారు. వాళ్ల ముందున్నది 4.1 లీటర్ల ఫెరారీ ఒక్కటే. 1952లో టార్గా ఫ్లోరియో రేసు గెలిచింది, 1954లో మోంటే కార్లో ర్యాలీ గెలిచింది. 1953లో వచ్చిన మూడో సిరీస్ నుంచి ఇంజిన్ 2451 సీసీ అయ్యింది, పవర్ 118కి పెరిగింది.

ఇంకో మాట. ఇటలీలో బండ్లు రోడ్డుకి కుడివైపు నడుస్తాయి కదా, కానీ మొదటి మూడు సిరీస్‌ల బీ20లకి స్టీరింగ్ మన కార్లలాగే కుడివైపే. అప్పట్లో ఖరీదైన ఇటాలియన్ కార్లకి అది ఆనవాయితీ. నాలుగో సిరీస్ నుంచి ఎడమవైపు స్టీరింగ్ కూడా ఇచ్చారు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

మొదటి మాట: "పూర్తిగా రిస్టోర్ చేసినది"

ఈ మాటకి చట్టంలో ఒక కొలత అంటూ లేదు. కారుని చివరి బోల్ట్ వరకు విప్పి, తుప్పంతా తీసి, మళ్లీ కట్టినా రిస్టోర్డే. పైన పెయింట్ కొట్టి, సీట్లకి కొత్త కవర్లు వేసి, క్రోమ్ మెరిపించినా రిస్టోర్డే. ఫొటోలో రెండూ ఒకేలా కనిపిస్తాయి.

తేడా ఎక్కడ తెలుస్తుందంటే, కింద. బీ20 బాడీ మోనోకాక్. అంటే విడిగా చాసిస్ ఉండదు, బాడీయే అస్థిపంజరం. డోర్ల కింద పొడవుగా, లోపల బోలుగా ఉండే భాగాన్ని సిల్ అంటారు. కారు బరువు మోసే వాటిలో అది ముఖ్యమైనది. నీళ్లు చేరేదీ అక్కడే, తుప్పు మొదలయ్యేదీ అక్కడే. పైన పెయింట్ మెరుస్తూనే ఉంటుంది, లోపల సిల్ అప్పడంలా విరిగిపోయే స్థితిలో ఉంటుంది.

దాన్ని సరిచేయడం కూడా తేలిక కాదు. కింద సరైన సపోర్ట్ పెట్టకుండా పాత సిల్ కోసేస్తే బాడీ మధ్యలో కొద్దిగా కుంగుతుంది. అలాగే కొత్తది వెల్డ్ చేస్తే కారు జీవితాంతం వంకరే. అందుకే తెలిసినవాళ్లు ముందు పెయింట్ చూడరు, డోర్ చూస్తారు. డోర్‌కీ బాడీకీ మధ్య గ్యాప్ పైనుంచి కిందిదాకా ఒకేలా ఉందా? డోర్ ఎత్తి వేయకుండా దానంతట అది క్లిక్‌మని పడుతుందా? తర్వాత ఒక చిన్న అయస్కాంతం, మధ్యలో గుడ్డ పెట్టి, బాడీ మీద నడిపిస్తారు. ఇది స్టీల్ బాడీ కాబట్టి అతుక్కోవాలి. అతుక్కోకపోతే అక్కడ పెయింట్ కింద మందంగా పుట్టీ ఉన్నట్టు. ఈ ట్రిక్ మన ఊళ్లో టింకరింగ్ షెడ్ నడిపే ఏ అన్నని అడిగినా చెప్తాడు.

ఇక మెకానికల్ వైపు. మామూలుగా ముందు ఇంజిన్, వెనక చక్రాలు తిరిగే కారులో గేర్‌బాక్స్, క్లచ్ ఇంజిన్‌కి అతుక్కునే ఉంటాయి. బీ20లో వాటిని వెనక యాక్సిల్ దగ్గర, డిఫరెన్షియల్‌తో కలిపి ఒకే యూనిట్‌గా పెట్టారు. దీన్ని ట్రాన్సాక్సిల్ అంటారు. బరువు ముందుకీ వెనక్కీ సరిగ్గా పంచుకోవడానికి ఈ ఏర్పాటు. 1964లో ఫెరారీ 275 జీటీబీ కూడా ఇదే దారిలోకి వచ్చింది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. క్లచ్ వెనకుంది కాబట్టి, ఇంజిన్ నుంచి వెనక్కి వెళ్లే పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్ట్ ఇంజిన్ స్పీడ్‌తోనే తిరుగుతుంది. కారు ఆగి ఉన్నా, న్యూట్రల్‌లో ఉన్నా, ఇంజిన్ ఆన్‌లో ఉంటే చాలు, షాఫ్ట్ తిరుగుతూనే ఉంటుంది. దాని బ్యాలెన్స్ కొంచెం తప్పినా, రబ్బర్ కప్లింగ్‌లు అరిగినా కారంతా వణుకుతుంది. అంటే బండి కదలకుండానే టెస్ట్ చేయొచ్చు. స్టార్ట్ చేసి, న్యూట్రల్‌లో మెల్లగా యాక్సిలరేటర్ ఇచ్చి, సీటు కింద వణుకు వస్తుందా చూడాలి. వణికితే, "పూర్తిగా" అనే మాట పక్కకి వెళ్లినట్టే.

వెనక బ్రేకులు కూడా చక్రాల దగ్గర కాదు, లోపల ట్రాన్సాక్సిల్ పక్కన ఉంటాయి. చేయి పెట్టడానికే కష్టమైన చోటు. కాబట్టి పైపై రిస్టోరేషన్‌లో ఎక్కువగా వదిలేసేవి ఇలాంటివే. వదిలేయడం ఎందుకంటే డబ్బు. ఇలాంటి కారుకి నిజాయితీగా పూర్తి రిస్టోరేషన్ చేస్తే, అయ్యే ఖర్చు చాలాసార్లు కారు అమ్మితే వచ్చే ధరని దాటిపోతుంది. అప్పుడు అమ్మేవాళ్లకి ఎక్కడ తగ్గించాలనిపిస్తుంది? కంటికి కనిపించని చోట.

రెండో మాట: "మ్యాచింగ్ నంబర్స్"

ఇంజిన్ మీద ఒక నంబర్ ఉంటుంది, బాడీ మీద ఇంకో నంబర్. మ్యాచింగ్ అంటే ఆ రెండూ ఒకటే నంబర్ అని చాలామంది అనుకుంటారు. అలా ఉండాల్సిన పనిలేదు. ఈ బాడీతో ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చిన ఇంజిన్ ఇదే అని అర్థం. ఆ జత ఏంటన్నది ఫ్యాక్టరీ రికార్డులో ఉంటుంది. కాబట్టి యాడ్‌లో ఆ మాట ఉండటం కాదు, ఆ రికార్డు కాపీ చేతికి రావాలి. లాంచా పాత కార్లకి కంపెనీ హెరిటేజ్ విభాగం సర్టిఫికేట్ ఇస్తుంది. ఇటలీలో 1966 నుంచి ఉన్న ఏఎస్ఐ అనే చారిత్రక వాహనాల సంస్థ కూడా కార్లు పరిశీలించి సర్టిఫై చేస్తుంది.

ఫోన్‌లో మనం స్టార్ హాష్ 06 హాష్ కొట్టి ఐఎంఈఐ చూసి, బాక్స్ మీద నంబర్‌తో పోల్చుకుంటాం కదా, అలాంటిదే. కాకపోతే ఇక్కడ నంబర్ లోహం మీద గుద్దినది. ధర దాని మీద ఆధారపడి ఉంటే, పాత నంబర్ గీకేసి కొత్తది గుద్దేవాళ్లు కూడా ఉంటారు. అందుకే నిపుణులు నంబర్ చదివి ఊరుకోరు. అంకెల ఆకారం ఆ కాలపు ఫ్యాక్టరీ పంచ్‌లాగే ఉందా, లోతు సమానంగా ఉందా, చుట్టూ గ్రైండ్ చేసిన గీతలు ఉన్నాయా అని చూస్తారు.

ఈ ఇంజిన్‌తో ఒక ప్రత్యేకమైన ఇబ్బంది కూడా ఉంది. బ్లాక్ అల్యూమినియం. సిలిండర్లు అందులో విడిగా కూర్చోబెట్టిన ఇనుప లైనర్లు. కూలింగ్ నీళ్లు నేరుగా వాటి చుట్టూ తిరుగుతాయి. దశాబ్దాల పాటు ఉత్త నీళ్లు పోసి నడిపితే, లేదా నీళ్లతోనే షెడ్‌లో వదిలేస్తే, అల్యూమినియం లోపల్లోపలే తినేస్తుంది. అప్పుడు రిస్టోర్ చేసేవాళ్ల ముందు రెండు దారులు. పాత బ్లాక్‌ని కష్టపడి, ఖర్చు పెట్టి కాపాడుకోవడం. లేదా ఇంకో మంచి బ్లాక్ తెచ్చి పెట్టేయడం. రెండోది చేస్తే కారు హాయిగా నడుస్తుంది, కానీ మ్యాచింగ్ పోయింది. రెండో దారి పట్టడం తప్పేమీ కాదు. పట్టి, చెప్పకపోవడం తప్పు.

మూడో మాట: "నార్డి ఫ్లోర్ షిఫ్ట్"

బీ20కి ఫ్యాక్టరీ ఇచ్చిన గేర్ లివర్ స్టీరింగ్ కాలమ్ మీద ఉంటుంది. మన పాత అంబాసిడర్, పద్మినిలో చూసినట్టు. కానీ అప్పట్లోనే నార్డి అనే ఇటాలియన్ సంస్థ లివర్‌ని ఫ్లోర్ మీదకి మార్చే కిట్ అమ్మింది. నార్డి చెక్క స్టీరింగ్ కూడా ఫేమస్. అప్పటి ఓనర్లు చాలామంది ఇవి పెట్టించుకున్నారు.

మరి ఇది ఒరిజినలా, కాదా? ఫ్యాక్టరీ నుంచి వచ్చింది కాదు, కానీ ఆ కాలానిదే. దీన్ని పీరియడ్ యాక్సెసరీ అంటారు. 1955లో పెట్టిన నార్డి కిట్‌కి ఎవరూ అభ్యంతరం చెప్పరు, పైగా ఇష్టపడతారు. నిన్న తయారైన కాపీని పెట్టి అదే పేరు రాస్తే వేరే విషయం. బిల్లు ఉందా? పాత ఫొటోలో లివర్ కింద కనిపిస్తోందా? అదే రుజువు.

ఇక్కడే సిరీస్‌ల గొడవ వస్తుంది. ఆరు సిరీస్‌లు ఉన్నాయన్నాం కదా. 1954లో వచ్చిన నాలుగో సిరీస్‌లో వెనక సస్పెన్షన్‌ని డి డియోన్ అనే పద్ధతికి మార్చారు. అంతకుముందు మూడు సిరీస్‌లవి మలుపులో గట్టిగా తోలితే వెనక భాగం ఠక్కున జారే రకం. కొత్తది కుదురుగా ఉంటుంది. మొదటి సిరీస్‌లు ఇష్టపడేవాళ్లు ఉన్నారు, నాలుగోదే బెస్ట్ అనేవాళ్లూ ఉన్నారు. అది రుచిని బట్టి. కానీ రిస్టోరేషన్‌లో దొరికిన పార్ట్ దొరికినట్టు బిగిస్తే, రెండో సిరీస్ కారులో ఐదో సిరీస్ మీటర్లు వచ్చి కూర్చుంటాయి. ఇందాక గుర్తుపెట్టుకోమన్నాను చూడండి, స్టీరింగ్ వైపు. మొదటి మూడు సిరీస్‌లలో ఏదైనా ఎడమవైపు స్టీరింగ్‌తో అమ్మకానికి వస్తే, అది ఎప్పుడు, ఎవరు, ఎందుకు మార్చారో అడగాల్సిందే.

నాలుగో మాట: "మిల్లె మిలియాకి ఎలిజిబుల్"

మిల్లె మిలియా అంటే వెయ్యి మైళ్లు. బ్రెషియా నుంచి రోమ్ వెళ్లి మళ్లీ బ్రెషియా, మామూలు రోడ్ల మీద దాదాపు 1,600 కిలోమీటర్ల రేసు. 1927లో మొదలైంది. 1957లో ఒక ఫెరారీ అదుపు తప్పి, డ్రైవర్, కో-డ్రైవర్‌తో పాటు రోడ్డు పక్కన చూస్తున్న జనం, వాళ్లలో పిల్లలు కూడా చనిపోయారు. దాంతో రేసు ఆగిపోయింది. 1977లో దాన్ని స్పీడ్ రేసుగా కాకుండా, ఇచ్చిన టైమ్‌కి కచ్చితంగా చేరాల్సిన క్లాసిక్ కార్ల ఈవెంట్‌గా మళ్లీ మొదలుపెట్టారు. 1927 నుంచి 1957 మధ్య అసలు రేసులో పాల్గొన్న మోడల్స్‌కే అందులో అర్హత.

కాబట్టి ఎలిజిబుల్ అంటే "ఈ కారు ఆ రేసులో పరిగెత్తింది" అని కాదు. ఈ మోడల్ పరిగెత్తింది, అంతే. ఎలిజిబుల్ అయినంత మాత్రాన ఎంట్రీ దొరుకుతుందన్న గ్యారంటీ కూడా లేదు. ఎంట్రీకి అప్లై చేయాలి, కాగితాలు చూపించాలి, వాళ్లు సెలెక్ట్ చేయాలి. అయినా ఈ ఒక్క మాట ధరని పైకి లాగుతుంది. అబద్ధం కాదు, కానీ వినేవాళ్లు ఎక్కువ ఊహించుకునేలా ఉన్న నిజం.

మరి అసలు రిస్టోర్ చేయకపోతేనే మంచిదా?

2014లో ఫ్రాన్స్ పశ్చిమ ప్రాంతంలో ఒక ఫామ్‌లో దశాబ్దాలుగా దుమ్ములో పడి ఉన్న పాత కార్ల కలెక్షన్ బయటపడింది. అందులో ఒక ఫెరారీ 250 జీటీ కాలిఫోర్నియా స్పైడర్, పాత మ్యాగజైన్ల కట్టల కింద ఉంది. 2015 ఫిబ్రవరిలో పారిస్‌లో ఆర్ట్‌క్యూరియల్ సంస్థ దాన్ని వేలం వేసింది. తుడవకుండా, రంగు వేయకుండా, దుమ్ముతోనే. 1 కోటి 60 లక్షల యూరోలకి పైగా పలికింది.

ఎందుకంటే పెయింట్ ఒకసారి గీకేస్తే మళ్లీ రాదు. ఫ్యాక్టరీలో పడిన రంగు, పాత తోలు మీద మడతలు, ఓనర్ చేతికి అరిగిన స్విచ్, ఇవన్నీ ఆ కారు చరిత్రే. నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినప్పటి భాషలో చెప్పాలంటే, కోడ్ నీట్‌గా ఉంది కానీ కమిట్ హిస్టరీ మొత్తం డిలీట్ చేసేశారు అన్నట్టు. ఇప్పుడు పనిచేస్తుంది, కానీ ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో ఇక తెలియదు.

అలాగని తుప్పు పట్టిన సిల్‌ని "చరిత్ర" అని వదిలేయలేం. అది మనుషులు కూర్చుని వేగంగా వెళ్లే బండి. బరువు మోసే భాగం కుళ్లితే మార్చాలి. బ్రేకులు పట్టకపోతే సరిచేయాలి. నా దృష్టిలో మంచి రిస్టోరేషన్ అంటే మూడు పనులు. ప్రాణానికి సంబంధించినవన్నీ సరిచేయడం. బతికున్న పాత భాగాలని వీలైనంత వరకు ఉంచడం. మార్చిన ప్రతిదానికీ ఫొటో, బిల్లు, కుదిరితే తీసేసిన పాత పార్ట్ కూడా దాచడం. మూడోది ఉందంటే మొదటి రెండూ జరిగాయో లేదో మనమే చూసుకోవచ్చు. లేకపోతే నమ్మకం ఒక్కటే దిక్కు.

మన దగ్గర రూల్ ఏం చెప్తోంది?

ఈ గొడవ ఇటలీకే పరిమితం కాదు. మన దేశంలో 2021లో కేంద్ర రోడ్డు రవాణా శాఖ వింటేజ్ వాహనాలకి విడిగా రిజిస్ట్రేషన్ రూల్స్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన టూ వీలర్స్, ఫోర్ వీలర్స్‌కి ఇది వర్తిస్తుంది. నంబర్ ప్లేట్‌లో వీఏ అనే అక్షరాలు వస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు. ర్యాలీలు, ప్రదర్శనలు, రిపేర్, పెట్రోల్ లాంటి పనులకే రోడ్డెక్కాలి, రోజువారీ వాడకానికి కాదు.

ఇందులో అసలు షరతు ఏంటంటే, వాహనం ఒరిజినల్ రూపంలో ఉండాలి. చాసిస్, బాడీ షెల్, ఇంజిన్‌లో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. అంటే మీ తాతగారి ఫియట్ 1100 షెడ్‌లో ఉందనుకోండి. అదీ ఇటాలియన్ డిజైనే, బొంబాయిలో ప్రీమియర్ వాళ్లు తయారుచేసి, తర్వాత పద్మిని పేరుతో అమ్మారు. "డీజిల్ ఇంజిన్ పెట్టిద్దాం, స్మూత్‌గా ఉంటుంది" అని మామయ్య అంటే, ఆ మార్పుతో ఏం పోతుందో ముందే లెక్కేసుకోండి.

ఐదు ప్రశ్నలు, స్క్రీన్‌షాట్ తీసుకోండి

ఒకటి, ఏమేం మార్చారు, ఏమేం మార్చలేదు? లిస్ట్ కావాలి, "అంతా చేయించాం" కాదు.
రెండు, పని జరుగుతున్నప్పటి ఫొటోలు ఉన్నాయా? అయిపోయాక తీసినవి కాదు, విప్పి ఉన్నప్పటివి.
మూడు, నంబర్లు ఏ రికార్డుతో సరిపోలాయి? ఆ రికార్డు కాపీ ఏది?
నాలుగు, పని ఎవరు చేశారు, బిల్లులు ఏవి? వాళ్లకి నేను ఫోన్ చేయొచ్చా?
ఐదు, నాకు తెలిసిన మెకానిక్‌ని తీసుకొచ్చి చూపించుకోవచ్చా?

ఐదోదానికి మొహం మారిందంటే మిగతా నాలుగూ అడగక్కర్లేదు.

ఇవి కోట్లు పెట్టి ఔరేలియా కొనేవాళ్ల ప్రశ్నలే. కానీ పద్దెనిమిది వేల రీఫర్బిష్డ్ ఫోన్‌కి కూడా పక్కాగా సరిపోతాయి. స్క్రీన్ కంపెనీదా, లోకల్‌దా? బ్యాటరీ ఎప్పుడు మార్చారు? బిల్లు మీద ఐఎంఈఐ, ఫోన్‌లో ఐఎంఈఐ ఒకటేనా? నిజానికి ఆ కారు కొనేవాళ్లకి పక్కన లాయర్, నిపుణులు ఉంటారు. రెండు నెలల జీతం దాచి ఫోన్ కొనేవాళ్లకి ఈ ప్రశ్నలే దిక్కు. కాబట్టి అడగడానికి మొహమాటపడకండి. మన డబ్బులు, మన ప్రశ్నలు.

వచ్చే ఎపిసోడ్‌లో ట్రాన్సాక్సిల్‌ని బొమ్మ గీసి, గేర్ గేర్‌గా విప్పి చూపిస్తాను. ఈలోగా ఎవరైనా సెకండ్ హ్యాండ్ బండి చూడ్డానికి వెళ్తుంటే ఈ ఎపిసోడ్ వాళ్లకి ఫార్వర్డ్ చేయండి. వెళ్లేటప్పుడు జేబులో ఒక చిన్న అయస్కాంతం, చేతిలో ఒక మెత్తటి గుడ్డ పెట్టుకోమని చెప్పండి. ఉంటాను మరి, బై.